బాపు అడిగాడు... డబ్బా జవాబు చెప్పింది!

జనవరి నెల. రాత్రి పదిన్నర. హైదరాబాద్‌లో హాస్టల్ మంచం మీద దుప్పటి కప్పుకొని రీల్స్ చూస్తున్నా. కాగజ్‌నగర్ నుంచి బాపు ఫోన్.

"బిడ్డా, సలి బాగ వెట్టింది. పిల్లలన్నీ బల్బుల కింద ఒక్కకాడికి జేరినయ్. వేడి జర పెంచాలె. ఎట్ల?"

పిల్లలంటే కోడిపిల్లలు. నాలుగు రోజుల కిందటే తెచ్చిన 200 నాటుకోడి పిల్లలు. షెడ్డులో బల్బులు వెలిగించి ఆర్పే డబ్బా మాత్రం నేను చేసిందే.

"ఫోన్‌కు కేబుల్ పెట్టు బాపూ. యాప్ తెరువు. టీ అక్షరం, పక్కనే 34 కొట్టి సెండ్ నొక్కు."

"కొట్టిన."

"సరే."

"ఏం రాలేదే మరి. సప్పుడు లేదు."

"ఏం రాదు బాపూ. అయిపోయినట్టే. పడుకో."

తెల్లారి ఆరు గంటలకు మళ్లీ ఫోన్. షెడ్డు మూలన ఒకదాని మీద ఒకటి పడి 61 పిల్లలు చనిపోయాయి. రాత్రంతా బల్బులు వెలగనేలేదు.

ఈ కథ ఆ 61 పిల్లల గురించే. మైక్రోకంట్రోలర్‌తో మనిషి మాట్లాడే పద్ధతిని ఎలా తయారుచేయాలో నాకు నేర్పింది కాలేజీ కాదు, అవే.

అసలు ఆ డబ్బాలో ఏముంది?

కాగజ్‌నగర్ అనగానే అందరికీ 1938లో పెట్టిన పేపర్ మిల్లు గుర్తొస్తుంది. మాకు చలికాలం కూడా గుర్తొస్తుంది. తెలంగాణలో అతి తక్కువ ఉష్ణోగ్రతలు మా కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాలోనే తరచూ నమోదవుతాయి. కొన్ని రోజులు పది డిగ్రీల కిందికి పడిపోతుంది.

కోడిపిల్లకు మొదటి వారం సుమారు 33 నుంచి 35 డిగ్రీల వేడి కావాలి. ఆ తర్వాత వారానికి రెండు మూడు డిగ్రీలు తగ్గించుకుంటూ పోవచ్చు. ఒంటి మీద ఈకలు వచ్చేదాకా తన వేడి తాను కాపాడుకోలేదు. చలేస్తే అన్నీ ఒకచోట కుప్పగా చేరతాయి. అడుగున ఉన్నవాటికి ఊపిరాడదు.

అందుకే డిప్లొమా చివరి ఏడాదిలో ఈ డబ్బా చేశా. లోపల ఒక ఆర్డునో ఊనో బోర్డు, ఒక డీహెచ్‌టీ22 సెన్సర్, ఒక రిలే. అనుకున్న వేడి కన్నా తగ్గితే బల్బులు వెలుగుతాయి, ఎక్కువైతే ఆరతాయి. అంతే.

మరి వేడి ఎంతో మార్చాలంటే? డబ్బాకు స్క్రీన్ లేదు, బటన్లు లేవు. ఉన్నది ఒక్క యూఎస్‌బీ పోర్టే. దాన్ని ఓటీజీ కేబుల్‌తో ఫోన్‌కు కలిపి, సీరియల్ టెర్మినల్ యాప్ తెరిస్తే చాలు. చాటింగ్ విండో లాంటిది వస్తుంది. టైప్ చేసిన అక్షరాలు ఒకదాని వెనక ఒకటి, వరసగా బోర్డుకు వెళ్తాయి. అందుకే దాన్ని సీరియల్ అంటారు.

వేగం 9600 అని పెట్టామంటే సెకనుకు 9600 బిట్లు. ఒక్కో అక్షరానికి ముందొక బిట్టు, వెనకొక బిట్టు కలిపి మొత్తం 10 బిట్లు. అంటే సెకనుకు 960 అక్షరాలు. మనిషి టైప్ చేసేదానికి ఇది చాలా ఎక్కువ. కాబట్టి ఇక్కడ అసలు సమస్య వేగం కాదు. ఏం పంపాలి, తిరిగి ఏం రావాలి అన్నదే.

తప్పు ఎక్కడ దొరికింది?

ఆ ఉదయం బాపుకు మళ్లీ కేబుల్ పెట్టమన్నా. పెట్టగానే బల్బులు వెలిగాయి. "మంచిగనే ఉన్నదే!" అన్నాడు. నాకేమీ అర్థం కాలేదు. రాత్రి కరెంటు పోయిందేమో, వైరు ఊడిందేమో అనుకున్నా.

శనివారం రైలెక్కి ఊరికి పోయా. షెడ్డులో పీట మీద కూర్చుని బాపుకు ఫోన్ ఇచ్చి, "ఆ రాత్రి ఎట్ల కొట్టినవో అచ్చం అట్లనే కొట్టు" అన్నా. కొట్టాడు.

'టీ=34'

నేను చెప్పింది 'టీ34'. మధ్యలో ఈ '=' ఎక్కడి నుంచి వచ్చింది? బాపు డబ్బా మూత మీదికి వేలు చూపించాడు. అక్కడ నేనే స్కెచ్ పెన్నుతో పెద్దగా రాసి పెట్టా: 'టీ=33'. దాన్ని చూసే కొట్టాడు.

నా ప్రోగ్రామ్ ఏం చేసిందో ఇప్పుడు చూడండి. మొదటి అక్షరం టీ అయితే, మిగతా భాగాన్ని అంకెగా మార్చుకుంటుంది. దానికి ఆర్డునోలో టూఇంట్ అనే ఫంక్షన్ ఉంది. అయితే మొదటి అక్షరమే అంకె కాకపోతే ఆ ఫంక్షన్ తప్పని చెప్పదు. గప్‌చుప్‌గా సున్నా ఇస్తుంది. 34 కావాల్సిన చోట సున్నా డిగ్రీలు కూర్చుంది. షెడ్డులో ఎంత చలేసినా సున్నా కిందికి పోదు కదా. ఇక బల్బులు ఎందుకు వెలుగుతాయి?

మరి ఉదయం ఎలా వెలిగాయి? ఊనో బోర్డుకు ఒక అలవాటు ఉంది. సీరియల్ పోర్టు తెరవగానే సాధారణంగా బోర్డు రీసెట్ అవుతుంది. కొత్త ప్రోగ్రామ్ ఎక్కించడానికి వీలుగా అలా పెట్టారు. రీసెట్ కాగానే వేడి మళ్లీ ప్రోగ్రామ్‌లో రాసిన 33కు వచ్చేసింది. అంటే తప్పు చేసిన డబ్బా, సాక్ష్యం కూడా తానే చెరిపేసుకుంది.

బాపు ఒక్క మాట కూడా అనలేదు. "నేనే సక్కగ కొట్టలేదు గావచ్చు" అన్నాడు. ఆ మాటే నన్ను ఎక్కువ బాధపెట్టింది. ఎందుకంటే తప్పు ఆయనది కాదు. అడిగినవాడికి ఏ జవాబూ చెప్పని డబ్బా చేసింది నేను.

గేటు మామ పాఠం

ఆ సాయంత్రం మా మేనమామ వచ్చాడు. రైల్వేలో గేట్‌మన్‌గా చేసి రిటైరైన మనిషి. కథంతా విని ఒకే ప్రశ్న అడిగాడు.

"నీ డబ్బాకు నువ్వు జెప్తవ్. మల్ల అది నీకేం జెప్పదా?"

"జెప్పదు మామా."

"మరి అది విన్నదని నీకెట్ల తెలుస్తది?"

తర్వాత తన డ్యూటీ గురించి చెప్పాడు. రైలు వచ్చే ముందు స్టేషన్ మాస్టర్ ఫోన్ చేసి గేటు వేయమంటాడు. 'సరే సార్' అంటే సరిపోదు. గేటు వేసి, తాళం పెట్టి, అప్పుడు తన దగ్గరున్న కాగితంలోంచి ఒక నంబర్ చెప్పాలి. దాన్ని ప్రైవేట్ నంబర్ అంటారు. ఆ నంబర్ అటువైపు, ఇటువైపు రిజిస్టర్‌లో రాసుకుంటారు. ఒకసారి వాడిన నంబర్‌ను కొట్టేస్తారు. నంబర్ రాకపోతే గేటు పడ్డట్టు కాదు.

"నోటితోని అవునన్నంత మాత్రాన పని అయినట్టు గాదు బిడ్డా. నంబర్ రావాలె."

నాలుగేళ్లు ఎలక్ట్రానిక్స్ చుట్టూ తిరిగినా నాకు తట్టని సంగతి ఇది. నేను డబ్బాకు కమాండ్లు పెట్టా గానీ సంభాషణ పెట్టలేదు.

నిజానికి ఈ సంగతి ప్రపంచానికి కొత్తేమీ కాదు. 1981లో అమెరికాలో డెన్నిస్ హేయిస్ కంపెనీ స్మార్ట్‌మోడెమ్ తెచ్చింది. దానికి 'ఏటీ' అని పంపితే 'ఓకే' అని తిరిగి వచ్చేది. ఏటీ అంటే అటెన్షన్, మనం 'ఏయ్, ఇటు చూడు' అన్నట్టు. అర్థం కాకపోతే 'ఎర్రర్' అనేది. ఇప్పటికీ పొలాల్లో మోటార్ స్టార్టర్లకు పెట్టే జీఎస్‌ఎం మాడ్యూళ్లు ఈ ఏటీ భాషే మాట్లాడతాయి. మీ జేబులో ఉన్న ఫోన్ మోడెమ్‌కు కూడా ఈ భాష తెలుసు. నలభై ఏళ్లు దాటినా అది బతికి ఉండటానికి ఒక కారణం, ఏది పంపినా జవాబు రావడమే.

మళ్లీ మొదటి నుంచి

ఆదివారం పొద్దున ల్యాప్‌టాప్ తెరిచి పాత ప్రోగ్రామ్‌ను పక్కన పెట్టేశా. ముందు కోడ్ రాయలేదు. కాగితం మీద బాపు ఏమేం అడుగుతాడో రాశా. చూస్తే మూడే ఉన్నాయి. ఇప్పుడు ఎంత వేడి ఉంది? వేడి ఇంతకు మార్చు. ఏం కొట్టాలో మర్చిపోయా, చెప్పు.

మాటలు: బాపుకు ఇంగ్లిష్ అంతగా రాదు గానీ వాట్సాప్‌లో ఇంగ్లిష్ అక్షరాలతో తెలుగు బాగానే కొడతాడు. అందుకే కమాండ్లు కూడా ఆయన మాటలే పెట్టా: 'చూడు', 'వేడి 34', 'సాయం'. ఒంటి అక్షరం కమాండ్లు తీసేశా. టీ అంటే టెంపరేచర్ అని నాకు తెలుసు, బాపుకు టీ అంటే చాయ్!

లైను పూర్తయ్యేదాకా ఆగడం: అక్షరాలు ఒక్కొక్కటిగా వస్తాయి కాబట్టి వాటిని ఒక చిన్న గిన్నెలో పోసుకుంటూ ఉండాలి. దాన్నే బఫర్ అంటారు. ఎంటర్ వచ్చాకే మొత్తం చదవాలి. నేను 32 అక్షరాల గిన్నె పెట్టా. అంతకన్నా పొడుగొస్తే సగం చదివి ఊహించుకోకుండా మొత్తం పారబోసి, 'చాలా పొడుగైంది, మళ్లీ కొట్టు' అంటుంది.

ఇక్కడ చాలామంది బోల్తా పడతారు. ఎంటర్ నొక్కితే కొన్ని యాప్‌లు ఒక గుర్తు పంపుతాయి, కొన్ని రెండు పంపుతాయి, కొన్ని ఏదీ పంపవు. పాత టెలిప్రింటర్లలో అచ్చు తలను ఎడమకు తేవడానికి ఒక గుర్తు, కాగితం పైకి జరపడానికి ఇంకో గుర్తు ఉండేవి. ఆ రెండూ మనకు వారసత్వంగా వచ్చాయి. ఏది వచ్చినా లైను అయిపోయినట్టే అనుకోవాలి. ఖాళీ లైను వస్తే వదిలేయాలి. ఏదీ రాకపోతే? యాప్ సెట్టింగ్‌లో న్యూలైన్ ఉందో లేదో చూసుకోండి. మీ బోర్డు ఉలకడం లేదు, పలకడం లేదు అంటే మొదట అనుమానించాల్సింది దీన్నే.

ఆగి నిద్రపోకూడదు: పాత ప్రోగ్రామ్‌లో సెన్సర్ చదివాక రెండు సెకన్లు ఆగమని డిలే పెట్టా, ఎందుకంటే డీహెచ్‌టీ22ను రెండు సెకన్లకు ఒకసారే అడగాలి. కానీ ఆ రెండు సెకన్లూ బోర్డు ఇంకే పనీ చేయదు. ఆ లోపు వచ్చిన అక్షరాలు బోర్డు సొంత బఫర్‌లో ఎదురు చూడాలి. అందులో పట్టేవి 64 మాత్రమే. ఇప్పుడు డిలే తీసేసి గడియారం చూసుకునే పద్ధతి పెట్టా. రెండు సెకన్లు అయ్యాయా? సెన్సర్ చదువు. కాలేదా? అక్షరం వచ్చిందేమో చూడు.

అంకెను నమ్మకూడదు: 61 పిల్లలు పోయింది ఇక్కడే. టూఇంట్ తీసేసి, స్ట్రింగ్‌ను అంకెగా మార్చడంతో పాటు ఎక్కడ ఆగిపోయిందో కూడా చెప్పే సీ భాష ఫంక్షన్ వాడా. అసలు అంకే దొరకకపోతే తప్పు. అంకె తర్వాత ఇంకేదైనా మిగిలితే తప్పు. అన్నీ సరిగ్గా ఉన్నా 20 కన్నా తక్కువ, 36 కన్నా ఎక్కువైతే తప్పు. తప్పు అని తేలితే పాత వేడిని ముట్టుకోకూడదు.

ప్రతిదానికీ జవాబు: సరిగ్గా కొడితే, 'సరే. వేడి 34. ఇంతకు ముందు 33' అంటుంది. తప్పు కొడితే, 'తప్పు. నువ్వు కొట్టింది: =34. అంకె మాత్రమే కొట్టు. వేడి ఇంకా 33 మీదే ఉంది' అంటుంది. ఉత్త 'తప్పు' అంటే చాలదు. ఏం తప్పు, ఇప్పుడు పరిస్థితి ఏంటి, తర్వాత ఏం చేయాలి, ఈ మూడూ ఉండాలి.

అయితే మాటలు ఊరికే రావు. ఊనోలో పని చేసుకోవడానికి ఉన్న ర్యామ్ 2 కేబీలే. మీ వాట్సాప్ ఫొటోతో పోలిస్తే ఇది చాలా తక్కువ! జవాబుల వాక్యాలన్నీ అందులోకి ఎక్కితే బోర్డు అడ్డదిడ్డంగా ప్రవర్తిస్తుంది. అందుకే వాక్యాలను ప్రోగ్రామ్ ఉండే 32 కేబీల ఫ్లాష్‌లోనే ఉంచమని చెప్పాలి. ఆర్డునోలో దానికి ఎఫ్ అనే మాక్రో ఉంది. వాక్యం చుట్టూ అది పెడితే సరి.

గుర్తుంచుకోవడం: కరెంటు పోయినా, కేబుల్ పెట్టగానే రీసెట్ అయినా బాపు పెట్టిన వేడి మారకూడదు. అందుకే దాన్ని ఈఈప్రామ్‌లో రాసి పెట్టా. అది కరెంటు లేకున్నా మర్చిపోదు. కానీ దానికి ఒక్కో చోట సుమారు లక్ష సార్లు రాసేదాకే గ్యారంటీ. రెండు సెకన్లకు ఒకసారి రాస్తూ పోతే రెండున్నర రోజుల్లోపే లక్ష అయిపోతుంది! కాబట్టి వేడి నిజంగా మారినప్పుడే రాస్తుంది. బోర్డు లేచాక చదివిన అంకె 20కి, 36కి మధ్య లేకపోతే దాన్ని నమ్మకుండా 33 పెట్టుకుని, ఆ సంగతి చెబుతుంది.

మామ నంబర్: వేడిని ఒకేసారి మూడు డిగ్రీల కన్నా ఎక్కువ మార్చమంటే డబ్బా వెంటనే మార్చదు. '33 నుంచి 24కు మార్చాలా? అయితే అవును 47 అని కొట్టు' అంటుంది. ఆ 47 ప్రతిసారీ మారుతుంది. అరనిమిషం దాటితే చెల్లదు. ఇది చూసి మామ నవ్వి, "ఇగో, గిప్పుడు గేటు వడ్డది" అన్నాడు.

ఇంకొక నిర్ణయం కూడా తీసుకోవాల్సి వచ్చింది. సెన్సరే పాడైతే బల్బులు వెలగాలా, ఆరాలా? వెలగాలనే పెట్టా. వేడెక్కువైతే పిల్లలు పక్కకు జరగగలవు. వేడే లేకపోతే ఎక్కడికి పోతాయి?

చెడగొట్టే పరీక్ష

ప్రోగ్రామ్ అయ్యాక నేను పరీక్షించలేదు. ఏం కొట్టాలో నాకు తెలుసు కాబట్టి నేను సరిగ్గానే కొడతా. ఫోన్ బాపుకు, మామకు ఇచ్చి, "దీన్ని చెడగొట్టండి" అన్నా.

గంటలో పదకొండు రకాల తప్పులు కొట్టారు. ఫోన్ కీబోర్డు మొదటి అక్షరాన్ని దానంతట అదే పెద్దది చేసింది. చివర ఒక ఖాళీ చేర్చింది. రెండు ఖాళీలు కొడితే చుక్క పెట్టింది. 'వేడి'ని ఆటోకరెక్ట్ 'వీడియో' చేసేసింది. డబ్బా మాత్రం తొణక్కుండా, 'వీడియో నాకు తెలియదు. నాకు తెలిసినవి: చూడు, వేడి, సాయం' అంది. ముగ్గురం పడీ పడీ నవ్వాం. ఆ షెడ్డులో నవ్వడం వారం తర్వాత అదే మొదటిసారి.

పెద్ద అక్షరం, చిన్న అక్షరం తేడా తీసేశా. ముందూ వెనకా ఉన్న ఖాళీలను వదిలేయమన్నా. '=' గుర్తు ఉన్నా ఒప్పుకోమని పెడదామా అనుకుని, ఆగా. ఈరోజు '=' ఒప్పుకుంటే రేపు ఇంకోటి. డబ్బా అన్నీ ఊహించక్కర్లేదు. అర్థం కాలేదని మర్యాదగా చెప్పగలిగితే చాలు.

మూత మీది పాత రాతను కిరసనాయిలుతో తుడిచి, 'సాయం అని కొట్టు' అని ఒక్క మాట రాశా.

మీరు కూడా చేయాలనుకుంటే

ఆర్డునో ఉన్నా, ఈఎస్‌పీ32 ఉన్నా పద్ధతి ఇదే. ముందు మూడు కమాండ్లతో మొదలుపెట్టండి. కమాండ్ పేరు, అది పిలవాల్సిన ఫంక్షన్, ఒక లైను వివరణ, ఈ మూడింటినీ ఒక పట్టికలా రాసుకోండి. కొత్త కమాండ్ కావాలంటే పట్టికలో ఒక వరస చేరిస్తే సరిపోతుంది. 'సాయం' కూడా అదే పట్టికను చదివి చెబుతుంది కాబట్టి ఏదీ మర్చిపోదు.

ఒక ప్రశ్న మాత్రం గోడ మీద రాసి పెట్టుకోండి: దీన్ని వాడే మనిషి రాత్రిపూట, చలిలో, ఒక చేత్తో ఫోన్ పట్టుకుని, తొందరలో ఉంటే ఏమవుతుంది? అన్నట్టు, కరెంటు బల్బులు, రిలే వైరింగ్ మాత్రం తెలిసిన ఎలక్ట్రీషియన్‌తోనే చేయించండి. మా షెడ్డులో కూడా అలాగే చేశాం.

ఫిబ్రవరి మొదట్లో బాపు మళ్లీ 200 పిల్లలను తెచ్చాడు. అప్పటికి చలి ఇంకా పోలేదు. ఒక రాత్రి పదకొండుకు ఫోన్ మోగింది. స్క్రీన్ మీద బాపు పేరు చూడగానే నా గుండె ఝల్లుమంది.

"ఏమైంది బాపూ?"

"ఏం గాలేదే. వేడి పెంచుదామని కొట్టిన. తప్పు అన్నది. మల్ల సక్కగ కొట్టిన. సరే, వేడి 34 అన్నది. బల్బులు కూడా ఎలిగినయ్. నీకు జెప్దామని జేసిన. ఇగ పడుకో బిడ్డా."